బేరం లేని ప్రార్థన

“చూశారా, లేదా? ఒక్క మాట చాలు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

కోడలు ఐసీయూ తలుపు వైపు చూసింది. అద్దంలోంచి మామగారి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. వాటిలో కదలిక లేదు.

షుగర్ మాత్రలు మోతాదు మించి పడ్డాయన్నాడు డాక్టర్. పొద్దున ఒకసారి వేసినవే ఎవరో మళ్ళీ వేశారు. అసలే సరిగ్గా తినని పెద్దాయన. పేపరు చదువుతూ చదువుతూ కుర్చీలోనే వాలిపోయారు. ఇంకా తెలివి రాలేదు.

మాత్రలు వెయ్యడం ఆయన్ని చూసుకోవడానికి ఇంట్లో పెట్టుకున్న నర్సు పని. అందుకే ఆమె ఎదుటి బెంచీ మీద, లేడీ కానిస్టేబుల్ పక్కన కూర్చుని ఉంది.

“నేను ఒక్కసారే వేశానండీ. వేసి, దుప్పట్లు ఆరెయ్యడానికి మేడ మీదికి వెళ్ళాను. వేశానని ఎవరికీ చెప్పలేదు, అదొక్కటే నా తప్పు.”

పొద్దుటి నుంచి అదే మాట. వినేవాళ్ళు లేరు.

“ఇంకా అడగడానికేముంది సార్? ఎప్పుడు చూసినా చేతిలో ఫోనే. ఏం వేస్తోందో ఏం చూసుకుంటుంది? తీసుకెళ్ళండి,” అన్నాడు కొడుకు. కాలు కాలిన పిల్లిలా కారిడార్‌లో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాడు.

“మీరు ఆఫీసులో ఉన్నారు కదా సార్. ఇంట్లో ఉన్నవాళ్ళు చెప్పాలి.” ఇన్‌స్పెక్టర్ మళ్ళీ కోడలి వైపు తిరిగాడు. “ఈమె రెండోసారి వెయ్యడం చూశానంటే తీసుకెళ్తాను. చూడలేదన్నా ఈమెనే తీసుకెళ్ళాలి. వేరే పేరు ఎవరూ చెప్పడం లేదుగా. పెద్దాయనకి జరగరానిది జరిగిందంటే మాత్రం, ఇక ఈ అమ్మాయి ఇప్పట్లో బయటికి రాదు.”

“కాఫీ తాగుతావా బాబూ?” అంది అత్తగారు.

“వద్దమ్మా. రేపు లంచం తీసుకున్నాడంటారు.”

నర్సు ఏ తప్పూ చెయ్యలేదని కోడలికి తెలుసు. మామగారిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టినప్పుడే తెలుసు.

అప్పటి నుంచి లోపల ఒకటే ప్రార్థన. ప్రభువా, మామయ్యగారిని లేపు. ఆయన లేచి కూర్చుంటే కేసుండదు. నర్సు ఇంటికెళ్ళిపోతుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇదొక్కటీ చెయ్యి, ఇంకెప్పుడూ ఏమీ అడగను.

దేవుడు పలకలేదు. అద్దం అవతల పాదాలు కదల్లేదు.

“కాస్త టైమివ్వండి. ప్రార్థన చేసుకుని చెప్తాను,” అంది.

“ఇక్కడే చేసుకోండి. త్వరగా.”

అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. కోడలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. పెళ్ళయ్యే వరకు కోడలికి ప్రార్థన అంటే నేర్చుకున్న నాలుగు ముక్కలు అప్పజెప్పడమే. పక్కన మోకరింపజేసుకుని, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడమని నేర్పింది ఈవిడే. కన్నతల్లి దగ్గర దాచినవి కూడా ఈవిడ దగ్గర దాచలేదు. ఇవాళ్టి దాకా.

“ఏమైనా తిన్నావా?”

“తిన్నానత్తయ్యా.”

“ఏం అడుగుతున్నావు దేవుణ్ణి?”

“మామయ్యగారు లేవాలని. ఆయన లేస్తే ఇక నేనేమీ చెప్పక్కర్లేదు.”

“అది ప్రార్థన కాదే పిచ్చిదానా, బేరం. వంకాయల దగ్గర ఆడతావే, అలాంటిది. ఆయన నిన్ను ఏం చెప్పమంటున్నాడో నీకు తెలుసు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. అది చెప్పకుండా ఎంతసేపు మొరపెట్టుకుంటే మాత్రం ఏం లాభం?”

“చెప్తే ఒక ప్రాణం తట్టుకోలేదు అత్తయ్యా.”

“ఆ ప్రాణాన్ని చూసుకోవడానికి ఆయన లేడూ? అన్నీ నువ్వే మోస్తానంటే ఎలా?”

“ఇల్లు ఇల్లులా ఉండదు.”

“ఎవరు చేస్తే వాళ్ళ పేరు చెప్పు. తర్వాత సంగతి ఆయన చూసుకుంటాడు.” అత్తగారు పైటకొంగుతో కోడలి మొహం తుడిచింది. “ఏమైనా తిన్నావా తల్లీ?”

“తిన్నానత్తయ్యా.”

కొడుకు తిరగడం ఆపేశాడు.

“ఏంటి మీరిద్దరూ గుసగుసలు? ఆ పిల్ల కాకపోతే ఇంకెవరు? ఇంట్లో ఉన్నది…” మాట మధ్యలో ఆగిపోయింది. భార్యను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. “పొద్దున మాత్రల డబ్బా నువ్వు ముట్టుకున్నావా?”

ఆమె ఐసీయూ తలుపు వైపు తిరిగింది.

“నిన్నే అడిగేది. ముట్టుకున్నావా?”

ఇన్‌స్పెక్టర్ రెండడుగులు ముందుకు వేశాడు. ఎదుటి బెంచీ మీద నర్సు తలెత్తింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

‘అవును, నేనే’ అన్న మాట కోడలికి నోటి దాకా వచ్చింది. అనేస్తే చాలు, అంతా అయిపోతుంది. పెదవులు కదిలాయి కూడా. కానీ ఆ మాట అక్కడే ఆగిపోయింది.

“భయపడకు,” అంది అత్తగారు, చెయ్యి గట్టిగా పట్టుకుని. “నేనున్నానుగా. పైకే ప్రార్థన చెయ్యి. అందరూ వింటే వింటారు.”

కోడలు కళ్ళు మూసుకుంది. ఈసారి మామగారి ప్రాణం అడగలేదు. ఏదీ అడగలేదు.

“ప్రభువా, నేను కళ్ళారా చూశాను, మామయ్యగారికి మళ్ళీ మాత్రలు వేసి, వేసిన సంగతే మరిచిపోయింది మా అత్తయ్యే.”