కిటికీ పక్క బల్ల

మాడు పగిలే ఎండలో, డబ్బిచ్చి తినడానికి కూడా చీటీ పట్టుకుని నిలబడాలా అని ఓ గుమాస్తా హోటల్ బయట భార్యతో సణిగాడు. వాళ్ల చీటీ నలభై మూడు. హోటల్‌వాళ్లు ఇంకా నలభై దగ్గరే ఉన్నారు.

"పక్క హోటల్ ఖాళీగానే ఉందండీ," అంది భార్య.

"ఈగలు తోలుకుంటున్నారంటేనే తెలియడం లేదూ? దీనికి నాలుగున్నర స్టార్లు."

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి, ఊరు మారితే వస్తాయేమోనని రెండు రోజుల సెలవుకి నగరం వచ్చారు. పొద్దుటి నుంచి ఎక్కడ తినాలి, ఏం తాగాలి అన్నవి తప్ప మరో మాట రాలేదు.

అతను ఫోన్‌లో రివ్యూలు చదువుతున్నాడు. "ఇది విను. 'కిటికీ పక్కన కూర్చున్నాం. హోటల్ మూసేదాకా కబుర్లే కబుర్లు. ఏం తిన్నామో గుర్తు లేదు.' తిండి గురించి రాయమంటే సొంత సోది! పనీపాటా లేని మనుషులు."

"ఎవరది?"

పేరు చూసి, ఫోన్ ఆమె చేతికిచ్చాడు. తొమ్మిదేళ్ల కిందట రాసింది ఆమే.

"మనం ఇక్కడికొచ్చామా?"

"వచ్చినట్టున్నాం."

"ఏం మాట్లాడుకున్నామండీ, అంతసేపు?"

బుర్ర ఎంత గోక్కున్నా అతనికి గుర్తు రాలేదు. ఆమెకీ రాలేదు. ఏడుపూ రాలేదు. చెమట మాత్రం ధారగా కారింది.

"నలభై మూడు! కిటికీ పక్కన ఖాళీ అయింది, రండి."

వెళ్లి కూర్చున్నారు. వెయిటర్ మంచినీళ్లు పెట్టి, ఆర్డర్ రాసుకుని వెళ్లాడు.

ఇక్కడ ఏం తినాలో నాలుగు వందల మంది రాశారు. అయ్యల్లారా, అమ్మల్లారా, అది వచ్చేలోపు ఏం మాట్లాడుకోవాలో మీలో ఎవరికైనా తెలిస్తే, కాస్త త్వరగా చెప్పండి.