చేసి చూసే లూప్

"ఆయన లూప్ తప్పని ఆయన మొహం మీదే చెప్తావా? నీకు మతి పోయిందమ్మా," అంది ప్రొఫెసర్ గారి సెక్రటరీ త్రూదీ. అయినా తలుపు తీసి పట్టుకుంది.

ఉర్సినా లోపలికి వెళ్లింది. మా జ్యూరిక్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్లకి ప్రొఫెసర్ రెగ్లి అంటే హడల్. వాళ్లు రాసే భాషను తయారుచేసిందే ఆయన. అందులో లూప్‌లు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశాలు, రెండు రకాలు. ఒకటి ముందు చూసి, తర్వాత చేస్తుంది. రెండోది ముందు చేసేసి, తర్వాత చూస్తుంది.

ఆసుపత్రి రేడియేషన్ యంత్రానికి ప్రోగ్రాం రాస్తూ ఉర్సినా రెండోది వాడింది. ఒకావిడ ప్రాణం పోయింది. తప్పు భాషదా, రాసినవాళ్లదా అని వచ్చే వారం విచారణ. రాసినవాళ్లదని తేలితే ఈ పిల్లకి జైలే.

రెగ్లి కూర్చోమని కూడా అనలేదు. "బోర్డు మీద రాయి," అన్నాడు.

రాసింది.

"మొదటి చుట్టులో ఏమైంది?"

"కిరణం వదిలింది."

"తర్వాత?"

"సీసపు రేకు అడ్డం ఉందా అని చూసింది. లేదు. ఆగిపోయింది."

"అయితే ప్రాణం పోవడానికి ఒక్క చుట్టు చాలిందన్నమాట."

"చాలిందండి."

"తుడిచెయ్. మళ్లీ మొదట్నుంచి చెప్పు."

మూడుసార్లు చెప్పించాడు. ఇంత కఠినాత్ముడేమిటో ఈ మనిషి!

"ముందు చూసేది ఎందుకు వాడలేదు?"

"యంత్రాలకి ఇదే వాడమని మీ పుస్తకంలో రాశారు, ప్రొఫెసర్ గారూ."

రెగ్లి కిటికీ దగ్గర నిలబడి వచ్చే ట్రాముల్ని, పోయే ట్రాముల్ని చాలాసేపు చూశాడు. తర్వాత కూర్చుని కాగితం మీద నాలుగు ముక్కలు రాశాడు. "ఈ లూప్ పెట్టింది నేను. వాడమన్నది నేను. తప్పు నాది, ఈ అమ్మాయిది కాదు. దీన్ని భాషలోంచి తీసేస్తున్నాను." కింద సంతకం పెట్టి ఆమెకిచ్చాడు. ముప్పై ఏళ్లు కూడబెట్టుకున్న పేరు ఆ సంతకంతో పోయినట్టే.

ఉర్సినా ఏడ్చేసింది.

"జైలు తప్పినా నాకు నిద్ర పట్టదండి. పోయినావిడకి భర్త ఉన్నాడట. ఎవరని ఎంత అడిగినా ఆసుపత్రివాళ్లు పేరు చెప్పడం లేదు. ఆయన ఎదుట నిలబడి, క్షమించమని ఒక్కసారి అడగాలి."

రెగ్లి కోటు తొడుక్కున్నాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"అడగక్కర్లేదమ్మా, ఆయన రాసిచ్చిన కాగితమే నీ చేతిలో ఉంది."