నొక్కరా మార్కూ

పొదిలి దాటాక ఇమ్మానియేలు పాత బైకుకి క్లచ్ జారింది. ఇంజను అరుస్తోందే గాని బండి కదలదు. కల్లంలో మిరపకాయలకు కాపలా ఉన్న తమ్ముడు మార్క్ ఫోన్ చేశాడు.

"అన్నా, ఒకటే ఉరుములు! పట్టా కప్పడం నా ఒక్కడివల్ల కావట్లేదు, తొందరగా రా!"

తడిసిన మిర్చి మొహం యార్డులో ఎవడూ చూడడు. అంతలో దూరంగా కల్లం వైపు పిడుగు పడింది. ఫోన్ తెగిపోయింది.

మనిషి జాడ లేని ఆ రోడ్డు మీద ఇమ్మానియేలు గబగబా ఇంజను పక్కన కూర్చుని క్లచ్ కేబుల్ నట్టు వదులు చేశాడు. ఎప్పుడూ తను నట్టు తిప్పితే, పైన హ్యాండిల్ దగ్గర క్లచ్ లివర్ నొక్కి చూసేది మార్కే. అలవాటు కొద్దీ అనేశాడు.

"నొక్కరా."

కేబుల్ బిగిసింది. పైనెవరో లివర్ నొక్కి పట్టుకున్నారు.

చేతిలోని స్పానర్ జారిపోయింది. తల ఎత్తలేక, నేల చూస్తూనే అడిగాడు.

"మార్కూ... మరి కల్లంలో ఎవరున్నార్రా?"