అరవై రెండు చొక్కాలు

శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా పేరు చెప్పకపోతే అరవై రెండు చొక్కాలూ ఉత్త చొక్కాలుగానే ఇస్తానని అచ్చు వేసేవాడు తెగేసి చెప్పాడు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆ నల్లజాతి కుటుంబమంతా ఏటా ఆగస్టులో పార్కులో కలుస్తుంది. అందరికీ ఒకే రకం చొక్కాలు. ఈసారి వాటి మీద, తమ పూర్వీకులు ఆఫ్రికాలో ఏ దేశం వాళ్లో ఆ పేరు ఉండాలని ముగ్గురు పిల్లలూ పట్టుబట్టారు. పిల్లలంటే ఏం పిల్లలు, పెద్దాడు థాడియస్‌కే అరవై దాటాయి. డీఎన్ఏ పరీక్షకి ఉమ్మి మాత్రం వాళ్లమ్మ ఓజెల్లాయే ఇవ్వాలట. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు.

ఆవిడ ఇస్తేగా! ఉమ్మే ముందు అరగంట నోట్లో ఏమీ ఉండకూడదు. ఓజెల్లా నోట్లో ఎప్పుడు చూసినా పిప్పరమెంటే. చర్చిలో ఒకటి, బస్సులో ఒకటి, తీరా గొట్టం చేతికిచ్చేసరికి ఇంకొకటి. మీరే ఉమ్ముకోవచ్చుగా, ముసలిదాని ఉమ్మి ఎందుకు మీకు అని గొణిగింది. చివరికి కూతురు లవాన్ ఆవిడ చేతిసంచీ దాచేసి, అరగంటసేపు ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

ఆ తర్వాత ఎనిమిది వారాలూ ఓజెల్లాకి ఒకటే దడ. ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడేది.

శుక్రవారం అయిదుకి పావుగంట ఉందనగా ఫలితం వచ్చింది.

"సియెర్రా లియోన్! అక్కడి మెండే తెగవాళ్లం మనం!" అని లవాన్ చదివింది.

ఇల్లు దద్దరిల్లింది. థాడియస్ మోకాలినొప్పి మర్చిపోయి గంతులేశాడు. ఈ ముక్కు ఎక్కడిదా అని ఇన్నాళ్లూ అనుకుంటున్నా, మెండే ముక్కన్నమాట అని అందరికీ పక్కకి తిరిగి మరీ చూపించాడు. అక్కడ మూడు పూటలా అన్నమేనట, పూటకి అన్నం పడకపోతే తనకి పిచ్చెక్కేది అందుకేనన్నాడు నడిమివాడు రూఫస్. మనవలు పటంలో ఆ దేశాన్ని వెతికి, ముందు నేను చూశానంటే నేనని కొట్టుకున్నారు. ఓజెల్లా కూడా నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి జారుకుంది.

లవాన్ వెనకే వెళ్లింది. ఆవిడ కడిగిన పళ్లేన్నే మళ్లీ కడుగుతోంది.

"ఆ పేరు వద్దులేవే. ఏదైనా పువ్వు బొమ్మ వేయించండి."

"ఫోన్ చేసి చెప్పేశానమ్మా. వాడు అచ్చు మొదలుపెట్టేశాడు."

"అయ్యో, నీకు తెలీదే లవాన్..." ఓజెల్లా పళ్లేన్ని మళ్లీ కుళాయి కింద పెట్టింది.

లవాన్ జేబులోంచి పిప్పరమెంటు తీసింది. కాగితం విప్పి ఆవిడ నోట్లో పెట్టింది.

"పోయినేడు మేం ముగ్గురం నీకు చెప్పకుండా ఉమ్మి పంపించాంలే," అంది.

పళ్లెం సింకులో పడింది.

"డీఎన్ఏ కలిసిందని మమ్మల్ని కన్నావిడ చెల్లెలు అప్పుడే జార్జియా నుంచి ఫోన్ చేసిందమ్మా, నువ్వు మమ్మల్ని తెచ్చి పెంచుకున్నావని ఇంట్లో అందరికీ తెలుసు, అందుకేగా మా చొక్కాల మీద నీ వాళ్ల దేశమే ఉండాలని అంత పంతం పట్టాం!"