చెప్పుల స్టాండు వెనక డబ్బా

చెప్పుల స్టాండు వెనక దొరికిన ఖాళీ ఇంజెక్షన్ డబ్బాలో, రక్తపు చుక్క ఎండిపోయిన దూది ఉంది.

అత్తగారు చెప్పు వెతకడం మానేసి, ఆ డబ్బాను చచ్చిన బల్లిలా రెండు వేళ్ళతో పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. దాని మీది బొమ్మ ఆవిడకు బాగా తెలుసు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా పిల్లలకు వేసే టీకా అది. ఆరు నెలలుగా కోడలు ఫోన్లో చూపించి ప్రాణం తీస్తున్న బొమ్మ అదే.

"నా మనవరాలికి దొంగచాటుగా పొడిపించేశావన్నమాట."

కోడలు కత్తిపీట మీంచి తల ఎత్తి, డబ్బాను చూసి తెల్లబోయింది.

"నేను కాదత్తయ్యా. రేపు పొద్దున్న తీసుకెళ్ళబోతున్నట్టు నిన్ననే మీ మొహం మీద చెప్పాను కదా. దొంగతనం చేసేదాన్ని చాటింపు వేస్తానా?"

ఆ చాటింపుతోనే నిన్న ఇల్లు రెండు ముక్కలైంది. కోడలి అక్కను నలభై నిండకుండానే ఆ క్యాన్సర్ తీసుకుపోయింది. ఆస్పత్రిలో చివరిదాకా పక్కన కూర్చున్నది కోడలే. కూతురికి పన్నెండు నిండాయి, ఇక ఆగనంటోంది. ఆ సూది వేస్తే పిల్లలు పుట్టరని పార్కులో స్నేహితురాలు చెప్పిందని అత్తగారి వాదన. అది వట్టి పుకారని డాక్టరమ్మ తేల్చేసిందని కోడలు చెప్పింది. నిమ్మరసంతో చూపు తిరిగొస్తుందని మీ కళ్ళజోడు తీయించి మెట్ల మీంచి దొర్లించింది ఆ స్నేహితురాలేగా అని కూడా గుర్తు చేసింది. మగవాళ్ళకూ వేస్తారంటే, వాళ్ళకి గర్భసంచి ఏ దర్జీ కుట్టిపెట్టాడని అత్తగారు అడిగింది.

కొడుకు మొదట్నుంచీ తల్లి పక్షమే. లిఫ్టుల మెకానిక్కు. బాగుచేసిన లిఫ్టులో తాను ఎక్కి దిగాకే ఇంకొకళ్ళను ఎక్కనిచ్చే జాగ్రత్తపరుడు. ముందు ఊళ్ళోవాళ్ళ పిల్లలకు వేయనీ, ఏమీ కాకపోతే అప్పుడు చూద్దామనేవాడు. అందరూ మీలాగే అనుకుంటే ముందు వేయించుకునే వెధవ ఎవడని నెల కిందట భార్య అడిగింది. ఆ రోజు నుంచీ అతను ఆ ఊసే ఎత్తలేదు.

అత్తగారు మనవరాలిని పిలిచి రెండు చేతులూ వెలుతురులో తిప్పి చూసింది. ఏ గుర్తూ లేదు.

"నాకు వేస్తే నాకు తెలియదా నాయనమ్మా? నిద్రలో పొడిచారా?" అంది పిల్ల.

అది తల్లి నేర్పిన చిలకపలుకని అత్తగారు తీర్పు చెప్పేసింది. రేపు పిల్ల ఆస్పత్రి గుమ్మం తొక్కితే ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టనంది. కోడలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా తీసుకెళ్తానంది.

అప్పుడే కొడుకు పని నుంచి వచ్చాడు. బల్ల మీది డబ్బాను చూసి మొహం పాలిపోయింది. అత్తగారికి అందులో వింతేమీ కనిపించలేదు. సూది పేరెత్తితేనే వాడికి ముచ్చెమటలు. చిన్నప్పుడు కాంపౌండరు చెయ్యి కొరికి కిటికీలోంచి దూకిన ఘనుడు.

"నీ పెళ్ళాం నీ కళ్ళకీ గంతలు కట్టిందిరా. గట్టిగా అడుగు."

అతను అడగలేదు. గ్రీజు చేతులు తుడుచుకుంటూ, "రేపు పిల్లని తీసుకెళ్ళనీమ్మా. ఏమీ కాదు," అన్నాడు.

"ఏమీ కాదని నీకెవడు చెప్పాడురా?"

"ఎవడూ చెప్పలేదు. మూడు వారాలుగా చూస్తున్నాను."

"ఎవర్ని?" అన్నారు అత్తాకోడళ్ళిద్దరూ. ఆరు నెలల్లో వాళ్ళ నోట ఒకే మాట రావడం అదే మొదటిసారి.

అతను తల వంచుకున్నాడు.

"పొడిపించుకున్నది నేనే."