ఊరికే వస్తున్న కరెంటు

గడియారాల మేస్త్రీ తన చిన్న తెరచాప పడవలోంచి డీజిల్ ఇంజిన్ పీకేసి, కరెంటు మోటారు, బ్యాటరీలు బిగించి మొదటిసారి నీళ్లలోకి వచ్చాడు. చీకటి పడేసరికి గాలి పడిపోయింది. బ్యాటరీలో పన్నెండు శాతమే మిగిలింది. చేసేదిలేక లంగరు వేసి, దీపం కూడా ఆర్పేసి, మీటరుకేసి చూస్తూ కూర్చున్నాడు.

మీటరు పదమూడు చూపించింది. కాసేపటికి పద్నాలుగు.

భార్యకు ఫోన్ చేశాడు. "ఏమేవ్, బ్యాటరీ దానంతటదే నిండుతోందే!"

"మంచిదేగా. దానికీ ఏడుపేనా?"

"తెరచాప మీద పడవ పరుగెడుతుంటే నీటి తోపుకి అడుగునున్న ప్రొపెల్లర్ రెక్కలు తిరిగి బ్యాటరీ నిండాలి. ఇప్పుడు పడవ కదలడం లేదు. గాలి లేదు, అల లేదు, నీటి ప్రవాహమూ లేదు. మరి కింద ఎవరు తిప్పుతున్నట్టు?"

"ఎవరైతేనేం? ఊరికే వస్తుంటే వద్దంటారా? ఇల్లు చేరేంత నిండనివ్వండి" అని ఆమె పెట్టేసింది.

పడవ అడుగున గిర్రుమనే చప్పుడు సన్నగా, ఓపిగ్గా సాగుతోంది. మేస్త్రీకి ప్రాణం మీద తీపి ఒకపక్క, కరెంటు మీద ఆశ ఒకపక్క. అరవై శాతం దాటేదాకా మీటరుకేసి చూస్తూనే ఉన్నాడు. అప్పుడు నీళ్లమీదికి వంగి, "చాలండీ, మీకెందుకు శ్రమ" అన్నాడు మర్యాదగా.

చప్పుడు టక్కున ఆగింది.

మరుక్షణం, వెనకవైపు నీళ్లలోకి దిగే నిచ్చెన మీద ఎవరో కాలు మోపినట్టు పడవ మెల్లగా అటు ఒరిగింది.