జ్వరం చీటీ

"రత్తమ్మక్కా, లోపలికి రావద్దు. పిల్లకి ఒళ్లు కాలిపోతంది" అంది మీరాబీ, గుడిసె వాకిట్లోనే అడ్డం నిలబడి.

రత్తమ్మ వినలేదు. ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని లోపలికి వచ్చేసింది. మీరాబీ కూతురి నెత్తిన తానే తడిగుడ్డ వేసి పక్కనే కూర్చుంది.

అది 1957. ఫ్లూ జ్వరం జగ్గయ్యపేట క్వారీ దాకా వచ్చింది. సున్నపురాయి కొట్టే కూలీలు సగం మంది మంచాన పడ్డారు. యజమాని క్వారీ మూసేశాడు. ఆయనకేం, రాయి కుళ్లిపోదు. కూలీల కడుపులే మాడాయి.

సర్కారు జాలిపడింది. కూలోళ్ల పిల్లల్లో జ్వరమొచ్చినోళ్లకి గంజి ఖర్చు ఇమ్మంది. తలకి వారానికి మూడు రూపాయలు. నందిగామ నుంచి హెల్త్ ఇన్‌స్పెక్టరు జగన్నాథరావు ప్రతి గురువారం వచ్చి చీటీ రాసిపోయేవాడు. గుడిసెల్లో పొయ్యి వెలిగితే ఆ చీటీ వల్లే.

అప్పటికే ఇద్దరు పిల్లలు పోయారు. జ్వరమున్న గుడిసె వైపు ఎవరూ తొంగి చూడటం లేదు. రత్తమ్మ ఒక్కతే వెళ్లేది. మొగుడు పోయిన మనిషి, పని లేదు, ఇంట్లో గింజ లేదు. అయినా వెళ్లేది.

"ఏమే, గంజి కోసమా ఇంత సేవ?" అని పక్క గుడిసె పుల్లమ్మ దెప్పింది. "పిల్లల్ని కూడా ఈడ్చుకుపోతన్నావు, బుద్ధుందా?"

"గంజి కోసమే. నీ ఇంట్లో ఉంటే చెప్పు, నీ ఇంటికే వస్తా."



పిల్లలు ముగ్గురూ ఒకే సత్తుగిన్నెలో గంజి తాగేవాళ్లు. ఒకే దుప్పటి కింద పడుకునేవాళ్లు. పొద్దున్నే రత్తమ్మ తన కొడుకు సొలొమోను నుదురు తాకి చూసేది. చల్లగా ఉండేది. పెద్దపిల్ల నుదురూ చల్లగానే ఉండేది. నిట్టూర్చేది.

"నా సొంత చెల్లెలు రాలేదక్కా, నువ్వొచ్చావు" అని మీరాబీ ఏడ్చింది. రత్తమ్మ మొహం తిప్పుకుంది.

బుధవారం సొలొమోను మూలిగాడు.

గురువారం జగన్నాథరావు వాడి నోట్లో థర్మామీటరు పెట్టి తీశాడు. నూట మూడు. రత్తమ్మ ఆయన కాళ్ల దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

పక్కనే ఉన్న మీరాబీ తల బాదుకుంది. "నా బిడ్డకి చాకిరీ చెయ్యబోయి ఈ గతి తెచ్చుకుందయ్యా!"

జగన్నాథరావు మెత్తబడ్డాడు. "ఇంత మంచిదానివి, నీకే రావాలా తల్లీ! ఏడవకు. చీటీ రాస్తున్నా" అని పెన్ను తీశాడు.

రత్తమ్మ కళ్లు తుడుచుకుంది.

"అయ్యా, మళ్లీ గురువారం దాకా ఆగలేం, చీటీలో ఇద్దరని రాయండి, పెద్దదానిక్కూడా ఆదివారం లోపల జ్వరం తెప్పిస్తా."